అడిగే సైట్లు, అడగని సైట్లు: ఏ సైటుకు ఎంతవరకు తలుపు తీయాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు మా నెట్ సెంటర్‌లో ఒక రకం గిరాకీ మొదలవుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి రాగలిగినంత దూరంలో నాలుగు సిస్టమ్‌లు, ఒక ప్రింటరుతో నడిచే చిన్న కొట్టు మాది. ఒకసారి ఆమదాలవలస వైపు నుంచి ఒక పెద్దాయన లాప్‌టాప్‌ను గుడ్డ సంచీలో పెట్టుకుని వచ్చారు. "ఏటో బాబూ, దీనికి వైరస్ పట్టీసింది. తెరిస్తే సాలు, ఒకటే గోల" అన్నారు.

తెరిచి చూశాం. కుడివైపు కింది మూలలో ఒకదాని మీద ఒకటి డబ్బాలు లేస్తున్నాయి. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని ఒకటి, మీకు బహుమతి తగిలిందని ఇంకొకటి. ఆయన ఆ పెద్ద అక్షరాలే చూస్తున్నారు. నేను కింద సన్నటి అక్షరాలు చూడమన్నాను. ప్రతి డబ్బాలోనూ బ్రౌజర్ పేరు, దాని పక్కన ఎప్పుడూ వినని ఒక సైటు పేరు ఉన్నాయి. వైరస్ ఏమీ లేదు. మనవరాలి మార్కుల కోసం వెతికినప్పుడు ఏదో సైటు నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగింది, ఆయన అలో కొట్టారు. "అది కొడితేనే మార్కులు కనపడతాయేమో అనుకున్నాను" అన్నారు. తప్పు ఆయనది కాదు. అలా అనిపించేలాగే ఆ పేజీని కట్టారు.

ఆయన పని రెండు నిమిషాల్లో అయిపోయింది. కానీ దాంతో తీరేది సగం సమస్యే. బ్రౌజర్‌లో సైట్లు వాడుకునే అనుమతులు రెండు రకాలు. కెమెరా, మైకు, లొకేషన్, నోటిఫికేషన్ లాంటివి మనల్ని అడిగి తీసుకుంటాయి. పేజీ తెరవగానే మన సిస్టమ్‌లో నడిచే స్క్రిప్ట్‌లు, అంటే పేజీతో పాటు వచ్చే చిన్న ప్రోగ్రాములు, ఎవరినీ అడగవు. మనం ఒక సైటు తెరిచామనుకుంటాం, దాని వెనకాల పది సైట్ల స్క్రిప్ట్‌లు వచ్చి కూర్చుంటాయి. అడిగేవాటిని బ్రౌజర్ సెట్టింగ్స్‌లోనే సరిచేయవచ్చు. అడగనివాటికి ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము, కావాలి. ఈ వరసలోనే చెబుతాను.

మొదటి మెట్టు: అడిగేవాటి లెక్క తేల్చండి

కంప్యూటర్‌లో క్రోమ్ అయితే పైన కుడి మూలలో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. కిందికి జరిపితే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. చాలామంది అక్కడ తెలియని పేర్లు చూసి ఉలిక్కిపడతారు. ఒక్కో పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే బ్లాక్, రిమూవ్ అని రెండూ ఉంటాయి. రిమూవ్ అంటే మరచిపోవడం. ఆ సైటుకు మళ్లీ వెళితే మళ్లీ అడుగుతుంది. బ్లాక్ అంటే ఇక అడగడానికే వీల్లేదు. గోల పెట్టే సైటును రిమూవ్ చేసి వదిలేస్తే నెల తిరక్కుండా అదే పెద్దాయన మళ్లీ వస్తారు. అందుకే నేను బ్లాకే కొడతాను.

ఫైర్‌ఫాక్స్‌లో కూడా సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి పర్మిషన్స్ దగ్గర ఆగండి. నోటిఫికేషన్స్ పక్కన సెట్టింగ్స్ నొక్కితే జాబితా వస్తుంది. ఆ పెట్టె అడుగున, కొత్తగా అడగడాన్నే ఆపేసే టిక్కు ఒకటి ఉంటుంది. అది పెట్టేయండి. మెయిల్ సైటు తప్ప ఇంకెవరి నోటిఫికేషనూ నాకు ఇంతవరకు పనికి రాలేదు.

ఒకే సైటు సంగతి చూడాలంటే ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేజీ మీద ఉండగా కంట్రోల్, ఐ కలిపి నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో పర్మిషన్స్ అన్న భాగంలో ఆ ఒక్క సైటుకు కెమెరాతో సహా అన్నీ వరసగా ఉంటాయి. యూజ్ డిఫాల్ట్ టిక్కు తీసేస్తే ఒక్కోదాన్నీ విడిగా మార్చుకోవచ్చు. క్రోమ్‌లో అయితే సైటు అడ్రసుకు ఎడమ పక్క గుర్తు నొక్కాలి. ఒకప్పుడు అక్కడ తాళం బొమ్మ ఉండేది. 2023లో తీసేసి రెండు గీతల మీద రెండు చుక్కలున్న బొమ్మ పెట్టారు. తాళం ఉంటే సైటు మంచిదని జనం అనుకుంటున్నారు, అసలు దాని అర్థం కనెక్షన్ భద్రమని మాత్రమే. మోసం చేసే సైటుకూ తాళం ఉండేది.

కెమెరా, మైకు మాత్రం శాశ్వతంగా బ్లాక్ చేయకండి, ప్రతిసారీ అడిగేలా ఉంచండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ రోజున ఎప్పుడో చేసిన బ్లాక్ గుర్తురాక చెమటలు పట్టినవాళ్లను చూశాను.

రెండో మెట్టు: అడగనివాటికి నోస్క్రిప్ట్

విజయనగరంలో సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గర ఇల్లున్నవాళ్లు వీధి తలుపు తీసి ఉంచితే ఏమవుతుంది? చుట్టాలు వస్తారు, చుట్టాలతో వచ్చినవాళ్లు వస్తారు, మేడ మీంచి సిరిమాను చూస్తామని ముక్కూమొహం తెలియనివాళ్లూ ఎక్కేస్తారు. మామూలుగా బ్రౌజర్ చేసేది అదే. నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ గుమ్మంలో నిలబడి, పిలిచినవాళ్లనే లోపలికి పంపుతుంది.

ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఇటలీకి చెందిన జార్జో మావోనె 2005లో ఫైర్‌ఫాక్స్ కోసం తయారుచేశాడు. గుర్తింపు దాచుకోవాలనుకునేవాళ్లు వాడే టార్ బ్రౌజర్‌లో దీన్ని ముందే పెట్టి ఇస్తారు. డబ్బు కట్టక్కరలేదు. ఇప్పుడు క్రోమ్‌కూ ఉంది, కానీ నేను ఫైర్‌ఫాక్స్‌లోనే వాడతాను, ఇక్కడ చెప్పేదీ దాని ప్రకారమే.

మూడు గీతల మెనూలోంచి ఎక్స్‌టెన్షన్స్‌కు వెళ్లి అక్కడే నోస్క్రిప్ట్ అని వెతకండి. గూగుల్‌లో వెతికి ఏదో సైటు నుంచి దించుకోకండి. తయారీదారు పేరు సరిచూసుకుని యాడ్ కొట్టండి. పెట్టేటప్పుడు, ప్రతి సైటులోని మీ డేటా చదవడానికి దీనికి అనుమతి కావాలని బ్రౌజర్ చెబుతుంది. గుమ్మంలో కాపలా ఉండాలంటే వచ్చినవాడి మొహం చూడాలి కదా. అందుకే అది తప్పదు. అయితే ఇదే మాట వేరే ఎక్స్‌టెన్షన్ అడిగితే ఆలోచించాలి, దాని సంగతి చివర్లో చెబుతాను. ప్రైవేట్ విండోల్లోనూ పనిచేయాలంటే ఎక్స్‌టెన్షన్ వివరాల్లో రన్ ఇన్ ప్రైవేట్ విండోస్‌కు అలో పెట్టండి. కొట్లో కస్టమర్లను మేము ప్రైవేట్ విండోలోనే కూర్చోబెడతాం కాబట్టి మాకు అది తప్పనిసరి.

పెట్టిన మరుక్షణం సగం సైట్లు పనిచేయడం మానేస్తాయి. టెన్షన్ పడకండి, అది దాని పద్ధతి. కొత్తగా కనిపించిన ప్రతి సైటుకూ స్క్రిప్ట్ ఆగిపోతుంది, వీడియో ఆగుతుంది, బయటి నుంచి తెచ్చుకునే ఫాంట్లూ ఆగుతాయి. ఫాంట్లు ఆగితే తెలుగు కనపడదేమోనని నా మొదటి భయం. యూనికోడ్ తెలుగైతే విండోస్‌లోని నిర్మల, గౌతమి ఫాంట్లతో చక్కగా కనిపిస్తుంది. అక్షరాల అందం కొంచెం తగ్గుతుందంతే.

మూడో మెట్టు: జాబితా చదవడం

అసలు విద్య ఇక్కడుంది. ఏదైనా పేజీ తెరిచి నోస్క్రిప్ట్ బొమ్మ నొక్కండి. ఆల్ట్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కినా సరే. ఆ పేజీలోకి రావడానికి ప్రయత్నించిన సైట్ల పేర్లన్నీ వరసగా వస్తాయి. ఒక్కో పేరు పక్కన చిన్న బొత్తాలు ఉంటాయి. డిఫాల్ట్ అంటే మిగతా కొత్తవాళ్లతో సమానం. ట్రస్టెడ్ అంటే శాశ్వతంగా రానివ్వడం. దాని పక్కనే గడియారం గుర్తున్న టెంప్ ట్రస్టెడ్, అంటే బ్రౌజర్ మూసేదాకానే. అన్‌ట్రస్టెడ్ అంటే గుమ్మం తొక్కొద్దని. కస్టమ్‌లో మీ ఇష్టప్రకారం విడివిడిగా ఇవ్వవచ్చు.

ఈమధ్య ఒక ఫలితాల సైటు తెరిస్తే నాకు పదమూడు పేర్లు కనిపించాయి. మార్కులు కనపడటానికి కావలసినవి రెండే. అవి ఏవో ఎలా తెలుస్తుంది? నేను చేసే వరస ఇది. మొదట అడ్రసు బార్‌లో ఉన్న పేరే జాబితాలో ఎక్కడుందో చూసి దానికి టెంప్ ట్రస్టెడ్ ఇస్తాను. జాబితా మూయగానే పేజీ తనంతట తనే రీలోడ్ అవుతుంది. సగం సందర్భాల్లో పని అక్కడితో అయిపోతుంది. కాకపోతే రెండోసారి తెరిచి, అదే పేరుకు సీడీఎన్ అనో స్టాటిక్ అనో తోక తగిలించుకున్న పేరు ఉందేమో చూస్తాను, అది వాళ్ల సొంత గోదాము. అదీ లేకపోతే జేక్వెరీ, జేఎస్‌డెలివర్, సీడీఎన్‌జేఎస్ లాంటివి చూస్తాను. ఇవి చాలా సైట్లు కలిసి వాడుకునే సామాను పెట్టెలు, తెరవవచ్చు. బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమనే క్యాప్చా రాకపోతే గూగుల్ డాట్ కామ్, జీస్టాటిక్ రెండూ కావాలి.

ఒక్కోసారి ఒక్క పేరే తెరవండి. విసుగొచ్చి అన్నిటికీ ఒకేసారి ఇచ్చే బొత్తం నొక్కితే ఏది అవసరమో మీకు ఎప్పటికీ తెలియదు.

ఎన్నడూ తెరవక్కరలేనివి కొన్ని ఉన్నాయి. డబుల్‌క్లిక్, గూగుల్‌సిండికేషన్ ప్రకటనలవి. గూగుల్ అనలిటిక్స్, గూగుల్‌ట్యాగ్‌మేనేజర్ మన రాకపోకల లెక్క రాసేవి. టబూలా అంటే వార్త కింద "ఈ చిట్కాతో పొట్ట కరిగిపోతుంది" అనే వరస. వీటిని ఒకసారి అన్‌ట్రస్టెడ్‌లో పడేస్తే ఇక ఏ సైటులోనైనా అంతే. ఈ పనితోనే పాత సిస్టమ్‌లలో పేజీలు చురుగ్గా తెరుచుకుంటాయి. మా కొట్లో మూడో నంబరు సిస్టమ్ ఇంకా బతికుందంటే అందుకే.

ఒక సంగతి చాలామందికి తెలియదు. నోస్క్రిప్ట్ వచ్చేటప్పుడే కొన్ని పేర్లను ట్రస్టెడ్‌లో పెట్టుకుని వస్తుంది. గూగుల్, యూట్యూబ్, యాహూ, పేపాల్ లాంటివి. ఆప్షన్స్‌లో పర్ సైట్ పర్మిషన్స్ భాగం తెరిస్తే ఆ జాబితా మొత్తం ఉంటుంది. కొత్తవాళ్లకు ఇబ్బంది కలగకుండా అలా పెట్టారు. మీరు వాడనివాటిని డిఫాల్ట్‌కు దించేయండి.

సర్కారు సైట్ల దగ్గర ఒక మెలిక

నోస్క్రిప్ట్ మామూలుగా అసలు పేరునే చూపిస్తుంది, ముందున్న ఉపపేర్లను మూడు చుక్కల్లో కలిపేస్తుంది. అందుకని మన రాష్ట్ర ప్రభుత్వ శాఖ సైటు ఏది తెరిచినా జాబితాలో కనిపించేది ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. దానికి ట్రస్టెడ్ ఇచ్చారంటే ఒక శాఖకే కాదు, ఆ పేరు కింద ఉన్న శాఖలన్నిటికీ ఇచ్చినట్టే. నాకు దానితో పేచీ లేదు, పైగా రోజూ వాటితోనే పని. మీకు ఏ శాఖకు ఆ శాఖకే విడిగా ఇవ్వాలని ఉంటే ఆప్షన్స్‌లో అపియరెన్స్ భాగంలో పూర్తి అడ్రసులు చూపించే టిక్కు పెట్టండి.

ఈ అలవాటుతో ఇంకో లాభం ఉంది. దొంగ సైట్లవాళ్లు అడ్రసు మొదట్లో గవ్ అనో ఏపీ అనో తగిలించి మభ్యపెడతారు. కానీ సైటు ఎవరిదో చెప్పేది చివరి భాగం. నోస్క్రిప్ట్ ముందు అలంకారాలన్నీ కోసేసి ఆ చివరి భాగాన్నే ముందు పెడుతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు అని వాట్సాప్‌లో వచ్చిన లింకు తెరిచినప్పుడు జాబితాలో గవ్ డాట్ ఇన్ లేకుండా మరేదో పేరు కనిపించిందంటే అక్కడే ఆగిపోండి.

నాలుగో మెట్టు: డబ్బు కట్టే పేజీలు

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒక ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టే చివరి రోజు, సాయంత్రం. టెక్కలి నుంచి వచ్చిన అమ్మాయి నలభై నిమిషాలు కూర్చుని దరఖాస్తు నింపింది. పే నౌ నొక్కితే తెల్ల పేజీ. గేట్‌వే, అంటే డబ్బు చెల్లింపు నడిపే మధ్యవర్తి సైటు, ఆగిపోయిందని అర్థమై, నోస్క్రిప్ట్ తెరిచి ఆ పేరుకు అనుమతి ఇచ్చాను. జాబితా మూశాను. నేనే పైన చెప్పానుగా, మూయగానే పేజీ రీలోడ్ అవుతుంది. నింపిందంతా పోయింది. అమ్మాయి ఏమీ అనలేదు, వాళ్ల నాన్న నా వైపు చూసిన చూపు మాత్రం ఇంకా గుర్తుంది. పక్క సిస్టమ్‌లో మళ్లీ మొదటి నుంచి నింపి గడువులోపల కట్టాం, టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

డబ్బు కట్టే పని మూడు ఇళ్లు తిరుగుతుంది. దరఖాస్తు సైటు, అక్కడినుంచి గేట్‌వే, అక్కడినుంచి బ్యాంకు ఓటీపీ పేజీ. మూడింటి పేర్లూ వేరు. ఏదో ఒక చోట ఆగితే వెనక్కి రావడం కష్టం, డబ్బు తెగి దరఖాస్తు నమోదు కాకపోతే ఇంకా కష్టం. అందుకే ఇప్పుడు నేను చేసేది ఒకటే. ఫారం మొదలుపెట్టకముందే కొత్త ట్యాబ్ తెరిచి, అడ్రసు కళ్లతో సరిచూసి, నోస్క్రిప్ట్ జాబితా పైవరసలో ఈ ట్యాబ్‌కు మాత్రం ఆంక్షలు ఎత్తేసే బొత్తం నొక్కుతాను. బొత్తాల మీద మౌస్ ఆనిస్తే పేర్లు కనపడతాయి, డిసేబుల్ రెస్ట్రిక్షన్స్ ఫర్ దిస్ ట్యాబ్ అన్నది అది. రీలోడ్ అయ్యేదేదో ఖాళీ ఫారం మీదే అయిపోతుంది. పని ముగిశాక ఆ ట్యాబ్ మూసేస్తాను. దాని పక్కనే మొత్తం బ్రౌజర్‌కే ఆంక్షలు ఎత్తేసే బొత్తం కూడా ఉంటుంది, తొందరలో అది నొక్కకండి.

ఇంకో చోట కంగారు పడతారు. గేట్‌వే నుంచి తిరిగి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు నోస్క్రిప్ట్ అడ్డంగా ఒక హెచ్చరిక పెడుతుంది, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు అనుమానాస్పదంగా ఏదో వెళుతోందని. మీరే మొదలుపెట్టిన చెల్లింపు మధ్యలో, రెండు పేర్లూ మీకు తెలిసినవే అయితే ఈ ఒక్కసారికి అలో చేయండి. ఎల్లప్పుడూ అలో అన్నది మాత్రం ఎంచుకోకండి. ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు అదే హెచ్చరిక వస్తే బ్లాక్.

ఐదో మెట్టు: కస్టమ్

మొదటి నెలలో దీని జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. అలవాటయ్యాక మాత్రం ఇదే బాగుంటుంది. నేను రోజూ చదివే ఒక వార్తల సైటులో పేజీ తెరవగానే వీడియో దానంతట అదే మొదలై అరుస్తుంది. దానికి కస్టమ్ పెట్టి స్క్రిప్ట్ ఉంచి మీడియా తీసేశాను. ఇప్పుడు వార్త వస్తుంది, అరుపు రాదు.

కస్టమ్‌లోనే ఇంకో సదుపాయం ఉంది. ఫలానా పేరుకు అనుమతి, ఫలానా సైటులో ఉన్నప్పుడు మాత్రమే అని చెప్పవచ్చు. ఫేస్‌బుక్ స్క్రిప్ట్ ఫేస్‌బుక్‌లో ఉన్నప్పుడు నడవాలి గానీ వంటల సైటులో దానికేం పని? ఫేస్‌బుక్‌లో ఉండగా జాబితా తెరిచి, కస్టమ్ ఎంచుకుని, ఏ పేజీలో వర్తించాలన్న చోట ఎనీ సైట్‌కు బదులు ఫేస్‌బుక్ పెట్టి, కావలసినవి టిక్కు చేయండి. ఎనీ సైట్ దగ్గర టిక్కులు తీసేయడం మరిచిపోకండి, లేకపోతే చేసిన పని వృథా.

ఫోను, క్రోమ్ వాడేవాళ్ల మాట

ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు తీసుకోదు. ఫోనులో కావాలంటే ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని దాని మెనూలోని ఎక్స్‌టెన్షన్స్ నుంచి నోస్క్రిప్ట్ తీసుకోండి, పని అదే. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనుల్లో మాత్రం దీన్ని పెట్టకండి. సైటు ఆగిందని రోజుకు ఆరుసార్లు ఫోను వస్తుంది. వాళ్లకు నోటిఫికేషన్లు అడగడం ఆపేసి, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి వదిలేస్తే చాలు. కంప్యూటర్‌లో క్రోమ్ వదలలేమంటే దాని తేలిక రకం యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది.

కాపలావాడి మీద కాపలా

అన్ని సైట్లలోనూ మీ డేటా చదువుతానని అడిగే ఎక్స్‌టెన్షన్ల సంగతి చెబుతానన్నాను. క్రోమ్‌లో ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2020లో దాన్ని చేసినాయన వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందని గూగుల్ తీసేసింది. పెట్టుకున్నప్పుడు మంచిదే, చేతులు మారాక చెడింది. అందుకని వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. ఉంచుకోవలసిన వాటికి క్రోమ్‌లో 2018 నుంచి ఒక కళ్లెం ఉంది. ఎక్స్‌టెన్షన్ బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే, అది సైట్ల డేటా చదవడం మీరు నొక్కినప్పుడా, ఈ ఒక్క సైటులోనా, అన్నిటిలోనా అని ఎంచుకోవచ్చు. కూపన్లు వెతికేది షాపింగ్ సైటులో ఉంటే చాలు, బ్యాంకు పేజీలో దానికి చోటెందుకు?

చివరిగా, కష్టపడి కుదుర్చుకున్న జాబితాను కాపాడుకోండి. నోస్క్రిప్ట్ ఆప్షన్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే అంతా ఒక చిన్న ఫైలుగా దిగుతుంది. ఇంకో సిస్టమ్‌లో ఇంపోర్ట్ చేస్తే అక్కడా అదే. మా నాలుగు సిస్టమ్‌లకూ ఒకటే ఫైలు, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాను. గేట్‌వేల పేర్లు మాత్రం ఫైల్లో పెట్టను. ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించాను, ఫారం ముందు కూర్చున్నవాళ్లు అడ్రసు బార్‌లో వచ్చిన పేరును దానితో పోల్చి చూసుకోవడానికి. ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి, రెండు కొట్టేసి మళ్లీ రాశాను.